సంస్కృతి - క్రీడ - ప్రజాధనము: శబ్దార్థ విమర్శనము

సంస్కృతి, క్రీడ అను శబ్దములు నేఁటి పరిపాలన వ్యవహారమున నిత్యము వినఁబడుచున్నవి. ఆయవ్యయ పత్రములందును, శంకుస్థాపన ఫలకములందును, ఉత్సవాహ్వానములందును ఈ రెండును తఱచుగా జంటయై కానవచ్చును. శబ్దము ప్రచారమునొందిన కొలఁది దాని యర్థము పలుచనగుట లోకస్వభావము. అయినను ప్రజలయొద్దఁ బన్నుగాఁ గొన్న ధనము ఏ శబ్దము పేర వ్యయింపఁబడుచున్నదో, ఆ శబ్దమునకు అర్థమేదియో నిర్ణయించుట కేవల పాండిత్య వినోదము గాదు. అర్థము త్రోవ తప్పినచో ధనమును దానివెంటనే త్రోవ తప్పును. హైదరాబాదు నగరమునకుఁ దూర్పు ముఖమునఁ గల దిల్‌సుఖ్‌నగరము, ఎల్.బి. నగరము అను ప్రాంతములను లక్ష్యముగాఁ గొని యీ శబ్దములను విమర్శించినచో, లక్షణ లక్ష్యములకుఁ గల దూరము స్పష్టపడఁగలదు.

ముందుగా సంస్కృతిశబ్దము. ఆంగ్లమునందలి కల్చరు అను పదమునకుఁ బర్యాయముగా నీ శబ్దము ఆధునికకాలమున వాడుకకు వచ్చినది. ఆ యాంగ్లపదమునకు మూలమగు లాటిను ధాతువునకు నేల దున్నుట యర్థమగుటచే వంగదేశమునఁ గొందఱు కృష్టి యను పదమును బ్రవేశపెట్టఁజూచిరి. రవీంద్రనాథ ఠాకూరునకు ఆ పదము రుచింపలేదు. సంస్కృతిశబ్దమునే యాయన యాదరించెను. దేశభాషలు పెక్కులు నేఁడు దానినే గ్రహించినవి.

ఈ శబ్దమునందలి సకారము ధాతువునకు సహజమైనది గాదు, ఆగమముగా వచ్చినది. సమ్, పరి మొదలగు నుపసర్గములకుఁ బరమైన కరోతికి భూషణార్థమున సుడాగమమును బాణిని యాఱవ యధ్యాయమున విధించెను. అంతటితో విరమింపక, వెనువెంటనే వేఱొక సూత్రముచే సమవాయార్థమునందును ఆ యాగమమునే విధించెను. భూషణమనఁగా నలంకరించుట, సమవాయమనఁగా నొకచోటఁ గూడుట. కాశికాకారుఁడు రెండవ సూత్రమున కిచ్చిన యుదాహరణములకు సముదితమైన దనియే యర్థము చెప్పెను. కాఁబట్టి శాస్త్రదృష్టితోఁ జూచినచో సంస్కృతిశబ్దమునకు రెండర్థములును సాధువులే. అలంకారమొకటి, కూడిక యొకటి. సూత్రకారుఁడు రెండింటికిని వేఱువేఱుగా విధి చేసినాఁడు గనుక నొకదాని నంగీకరించి యింకొకదానిని విడుచుటకు వీలులేదు. నేఁటి ప్రభుత్వ వ్యయమున మొదటి సూత్రము మాత్రమే పఠింపఁబడుచున్నట్లును, రెండవది మఱవఁబడినట్లును దోఁచుచున్నది.

లక్ష్యముగాఁ గొన్న ప్రాంతస్వరూప మిట్టిది. సరూరునగరపుఁ జెఱువు కుతుబ్‌షాహీల కాలమున, 1626లో నేర్పడినదని చెప్పఁబడును. ఆ చుట్టుపట్లఁ గల పల్లెపట్టులు గత యర్ధశతాబ్దములోఁ గాలనీలుగా మాఱినవి. ఎల్.బి. నగరమునకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టఁబడినది. ఎల్.బి. నగరమును, దిల్‌సుఖ్‌నగరమునానుకొనిన గడ్డిఅన్నారమును బ్రత్యేక పురపాలక సంఘములుగా నుండి, 2007 ఏప్రిల్ 16న 12 పురపాలక సంఘములును 8 గ్రామపంచాయతులును హైదరాబాదు నగరపాలక సంస్థతోఁ గలిసినప్పుడు మహానగర పాలక సంస్థలో లీనమైనవి. అమీరుపేట నుండి ఎల్.బి. నగరమువఱకు మెట్రో రైలు 2018 సెప్టెంబరు 24న నడవఁజొచ్చెను. పోటీపరీక్షల శిక్షణాలయములకు దిల్‌సుఖ్‌నగరము ప్రసిద్ధము. జిల్లాలనుండి వచ్చిన వేలకొలఁది విద్యార్థు లిరుకుగదులలో నద్దెకుండి, చదువుకొనుటకుఁ గుర్చీయు దీపమును గల చోటునకు నెలనెల వేఱుగా నద్దె చెల్లించుచున్నారు. జనము దట్టము, నేల స్వల్పము, వచ్చిపోవువారు మెండు. ఇట్టి చోట సమవాయము దానంతట నది కలుగదు. దానికిఁ దావు కల్పింపవలెను.

భూషణపక్షమునకు నిదర్శనము సమీపముననే కలదు. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన 2014లోనే బతుకమ్మయు బోనాలును రాష్ట్రోత్సవములుగాఁ బ్రకటింపఁబడినవి. 2025 సెప్టెంబరు 29న సరూరునగరపు స్టేడియమున 63 అడుగులకు మించిన యెత్తుగల బతుకమ్మను బేర్చిరి. 1,354 మంది స్త్రీలు దానిచుట్టు నాడిరి. అది గిన్నిసు గ్రంథమున కెక్కినది. ఇందుఁ బాల్గొన్న స్త్రీల శ్రద్ధ శంకింపఁదగినది గాదు. వారందఱు నొకచోటఁ గూడుటయు సమవాయమే కదా యని యడుగువారుందురు. ఆ ప్రశ్నకు సమాధానము బతుకమ్మ స్వభావమునందే యున్నది. తంగేడు, గునుగు మొదలగు పూలను ఇంటింటను బళ్లెరములలోఁ బేర్చి, వాడలోఁ గూడఁబెట్టి, చుట్టు నాడి, పిమ్మట స్త్రీలే తలపై నెత్తుకొని చెఱువునకుఁ గొనిపోయి విడుతురు. ఒక స్త్రీ మోయఁగలిగినదియే దాని ప్రమాణము. పేర్చిన చేతులే మోయును, మోసిన చేతులే విడుచును. 63 అడుగుల బతుకమ్మ నెవ్వరు నెత్తుకొనఁజాలరు. అది చూడఁదగినది, కొలువఁదగినది. కూడినవారి సంఖ్య లెక్కకొఱకైనప్పుడు కూడిక సాధనమగును, లెక్క సాధ్యమగును. సమవాయమున కూడికయే ఫలము. భూషణమునకుఁ గూడికయు నొక నగ. ఈ భేదము సూక్ష్మమైనను సత్యమైనది. మఱునాఁడు ఆ వాడలయందేమి మిగిలినదను ప్రశ్నయే దీనికి నికషము.

భూషణపక్షమే ప్రబలమగుటకుఁ గారణము లేకపోలేదు. అలంకారము తేదీ గలది. ఆరంభము, అంతము, ఛాయాచిత్రము, అధ్యక్షోపన్యాసము గలది. సమవాయము దినదినము నడువవలసినది. దాని కొక దినము ప్రారంభోత్సవము చేసినను, తక్కిన దినములకుఁ దలుపు తీయువాఁడును, దీపము వెలిగించువాఁడును, వాని జీతమును గావలెను. సంస్థల చరిత్రయు నిదియే చెప్పుచున్నది. 1957లో స్థాపింపఁబడిన ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1983లో రద్దుచేయఁబడెను. 1985లో దెలుఁగు విశ్వవిద్యాలయ మేర్పడెను. తెలంగాణమున సాహిత్య అకాడమి 2017లో నేర్పడి, ఆ డిసెంబరుననే ప్రపంచ తెలుఁగు మహాసభలు నడపెను. సభలు తెలుఁగువారికి నానందము గూర్చినవి. అయినను సభ వేఱు, సంస్థ వేఱు. ఒక ప్రభుత్వాజ్ఞచేఁ బుట్టినది యింకొక యాజ్ఞచే నడంగుచుండఁగా, వాడలోని పఠనమందిరమునకు స్థిరత్వ మెక్కడినుండి వచ్చును?

ఇఁక గ్రీడాశబ్దము. క్రీడతికి విహార మర్థము. స్వభావముచే నది పరస్మైపది. అయినను అను, సమ్, పరి, ఆఙ్ అను నుపసర్గములకుఁ బరమైనచో నాత్మనేపదమగునని సూత్రము. పదుగురు గూడి యాడుట సంక్రీడ, అది ఆత్మనేపదము. అన్వర్థముగాఁ జూచినచోఁ దనకొఱకైన పదము. ఇచ్చట వార్తికకారుఁ డొక నియమము చేసెను: కూజనార్థమున, అనఁగా ధ్వనిచేయుట యర్థమైనచోట, సంపూర్వకమైనను ఆత్మనేపదము రాదు. ఇరుసు కిఱ్ఱుమను బండ్లను జెప్పునప్పుడు పరస్మైపదమే. వార్తికము శబ్దవ్యవహారమును జెప్పినను లోకవ్యవహారమునకును సరిపోవుచున్నది. పిల్లలు గూడి యాడునప్పటి ఫలము వారిది. క్రీడ పేర ధ్వని మాత్రమే పుట్టినచోట ఫలము పరులది.

తెనుఁగును ఈ వివేకమును గాపాడుకొన్నది. ఆడుట వేఱు, ఆడుకొనుట వేఱు. ఆత్మార్థమునఁ గొనుధాతువు చేరినప్పుడు క్రియాఫలము కర్తకే చెందును. నాటక మాడుదురు, పందెమాడుదురు. పిల్లలు మాత్రము ఆడుకొందురు. పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2023 డిసెంబరు 26న ఆడుదాం ఆంధ్ర యను పేర గ్రామ, వార్డు సచివాలయముల మొదలుకొని క్రికెట్టు, కబడ్డి, ఖో-ఖో, వాలీబాలు, బాడ్మింటను పోటీలు నడపి, 2024 ఫిబ్రవరిలో విశాఖపట్టణమున ముగించెను. ఆడుదమనునది ప్రార్థనార్థమున నుత్తమపురుష బహువచనము. పిలుచువాఁడును బిలువఁబడువాఁడును అందుఁ గలిసి యుండవలెను. వ్రేళ్లమీఁద లెక్కింపఁదగిన వారములలో ముగిసిన పోటీలకు నిత్యత్వము గలదా యని విచారించునప్పుడు, ఆడుకొందమని యనకపోవుట యాదృచ్ఛికము గాదేమో యనిపించును.

తెలంగాణమున 2022 జూనులో నారంభమైన పథకమునకు క్రీడా ప్రాంగణమని పేరు. పేరు శ్లాఘ్యము. ప్రాంగణమనఁగా నింటిముంగిలి. అమరసింహుఁడు అంగణమును జత్వర, అజిరములకుఁ బర్యాయముగాఁ జదివెను. ఇంటికి ముంగిలి యెంత దవ్వో, పిల్లవానికిఁ గ్రీడాప్రాంగణ మంతే దవ్వుండవలెనని శబ్దమే శాసించుచున్నది. గచ్చిబౌలిలోని విశాలమైన స్టేడియము 2002 జాతీయ క్రీడలకును, 2003 ఆఫ్రో-ఏషియను క్రీడలకును బనికివచ్చినది. దేశమునకుఁ గీర్తి దెచ్చినది. అయినను నగరపుఁ బడమటి కొనయందలి యది తూర్పు కొనయందలి పదేండ్ల బాలునకు ముంగిలి కానేరదు.

ఇంకను ఆక్రీడశబ్దమొకటి పండితుల కవధేయము. వనౌషధివర్గమున నమరసింహుఁడు రాజుగారి యుద్యానము సర్వసాధారణమైనప్పుడు దానికి ఆక్రీడమని పేరు చెప్పి, ఆ వనమే యంతఃపురమునకు మాత్రమే తగినదైనచోఁ బ్రమదవనమని వేఱు పేరు చెప్పెను. చెట్లవియే, కొలనదియే, ప్రవేశించువారిని బట్టి పేరు మాఱినది. రాజద్రవ్యముతోఁ బెంచినంత మాత్రమున నది ఆక్రీడము గాదు. సాధారణత్వమే దానికి లక్షణము. నేఁటి క్రీడాస్థలములకును ఈ లక్షణమే వర్తించును. సరూరునగరమున 2023 మే 8న నొక రాజకీయపక్షమువారు యువజన మహాసభ నడపిరి. ఉత్సవములును బ్రదర్శనములును అచ్చటఁ గలుగుచున్నవి. ఒకదిన ముపయోగించుకొనుట దోషము గాదు. తాళము వేసియుంచిన దినములును, అద్దెకిచ్చిన దినములును, అధికారులకు మాత్రమే విడిచిన వేళలును గూడి, పిల్లలకుఁ దెఱచిన దినములను మించినచో నది ప్రమదవనమగును. ఏ క్రీడాస్థలమైనను దాని నిర్మాణవ్యయము ప్రకటింపఁబడుచున్నదే కాని, సంవత్సరమున నెన్ని దినములు, దినమున నెన్ని గడియలు, ఎవరికిఁ దెఱచియున్నదను లెక్క ప్రకటింపఁబడుట యరుదు. ఆ లెక్క లేనిదే యది ఆక్రీడమో ప్రమదవనమో తేల్చుట కెట్టి కోశమును జాలదు.

ధనవిషయమునకు వచ్చినచో గ్రంథాలయపు పన్ను ప్రధానమైన యుదాహరణము. హైదరాబాదు రాష్ట్రమున 1955లో గ్రంథాలయ చట్టమేర్పడెను. 1960 నాఁటి ఆంధ్రప్రదేశ్ చట్టము రెండు ప్రాంతముల నేకముచేసెను. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయముల పేర నదనముగా వసూలు చేయుదురు. దీనికిఁ బూర్వము 1948 నాఁటి మద్రాసు చట్టము, రంగనాథన్ పండితుని కృషిఫలముగా, రూపాయికి 6 పైల చొప్పున విధించెను. ఈ పన్నును వసూలు చేయునది స్థానిక పురపాలక సంస్థ. పొందవలసినది గ్రంథాలయ సంస్థ. వసూలైన ధనము గ్రంథాలయ సంస్థకుఁ జేరక బకాయి పడుచున్న సంగతి హైదరాబాదు విషయమునఁ బలుమాఱు వార్తాపత్రికల కెక్కినది.

ఇచ్చట వ్యాకరణశాస్త్రము చక్కని న్యాయము చూపును. దానక్రియచే నెవ్వని నుద్దేశింతుమో వాఁడు సంప్రదానము, వానికిఁ జతుర్థి. అయితే చాకలికి బట్టలిచ్చునప్పుడు చాకలి సంప్రదానము గాఁడని ప్రాచీనులు నిర్ణయించిరి. ఏలయన, ఇచ్చట స్వత్వము విడువఁబడలేదు. ఉదికి తిరిగి యిచ్చుటకొఱకే బట్టలు వానిచేతఁ బెట్టఁబడినవి. గ్రంథాలయపు పన్ను విషయమున వసూలుచేయు సంస్థ యట్టి మధ్యవర్తియే. దాని చేతిలోఁ బడినంత మాత్రమున ధనము దానిది గాదు. పన్ను కట్టువాఁడు దిల్‌సుఖ్‌నగరమున నింటి యజమాని. ఉద్దేశింపఁబడినవాఁడు ఆ వాడలోని చదువరి. నడుమనున్న చేయి సంప్రదానముగాఁ జెలామణియగుట యపశబ్దము వంటిది; శబ్దమున నపశబ్దము శిష్టులకు నవ్వు పుట్టించును, ధనమున నపశబ్దము చదువరికి దీపమార్పును.

ఈ సిద్ధాంతమునకు మూఁడు పూర్వపక్షములు గలవు.

మొదటిది: త్రాగునీరు, మురుగుకాలువ ముందు; ఆటపాటలు పిదప. 2020 అక్టోబరు వానలకు సరూరునగరపుఁ జెఱువు చుట్టునున్న కాలనీలు మునిఁగినవి గదా యని వీరి వాదము. ఇది తేలికగాఁ ద్రోయఁదగినది గాదు. అయినను గ్రంథాలయము పేరఁ గొన్న 8 పైసలు కాలువకుఁ జెల్లవు; కాలువకు వేఱు పన్ను గలదు. పేరుపెట్టి కొన్నదానిని బేరుపెట్టినదానికే యిచ్చుట కీ వాద మడ్డురాదు. వరదలవేళ నొకరినొకరు ఎఱిఁగిన వాడకును, ఎఱుఁగని వాడకును భేదము గలదు. అట్టి యెఱుక సమవాయమునకే ఫలము.

రెండవది: ప్రభుత్వధనము లేకయే గొప్పపనులు జరిగినవి గావున నది యనావశ్యకము. హైదరాబాదున 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, నాయని వేంకట రంగారావుగారలు దానికి మూలస్తంభములు. ప్రభుత్వము తోడుపడుట యటుండఁగా, తరువాతి కాలమున గష్తీ నిశాన్ 53 వంటి యుత్తరువులు సభలు కూడుటనే నిర్బంధించినవి. అయినను గ్రంథాలయములు వెలసినవి. సత్యమే. ఆ చరిత్ర ప్రజల శక్తిని నిరూపించును గాని ప్రభుత్వపు బాధ్యతను దొలఁగింపదు. నాఁడు దాతలు తమ యిండ్లలోఁ జోటిచ్చిరి, నేఁడు ఎల్.బి. నగరమున నడుగు నేల వెల సామాన్యులు పదుగురు గూడినను గొనరానిది. నేల యిచ్చుట ప్రభుత్వమునకే సాధ్యము. అంతేకాదు, పన్ను ఇదివఱకే కొనఁబడినది. ధనము గొని యుత్సాహమును మీరే తెచ్చుకొనుఁడనుట న్యాయము గాదు.

మూఁడవది: రాజ్యాంగమే దీని నైచ్ఛికముగా నుంచినది గదా యని. 1992 నాఁటి 74వ సవరణ 1993 జూన్ 1 నుండి యమలులోనికి వచ్చినది. దాని 12వ యనుబంధమున 18 విషయములలో 12వది యుద్యానములు, ఆటస్థలములు. 13వది సాంస్కృతిక, విద్యా, సౌందర్యవిషయముల యభివృద్ధి. అయితే రాష్ట్రశాసనసభ వీనిని బురపాలక సంఘముల కొసఁగవచ్చునని యున్నదే కాని యొసఁగవలెనని లేదు. వైయాకరణపరిభాషలో నిది విభాష. విభాషయందు రెండు రూపములును సాధువులే యైనను, ఎల్లప్పుడు నొక రూపమునే ప్రయోగించుచు రెండవదానిని లోకమునుండి తొలఁగించుట విభాషకు సార్థక్యము గాదు. వికల్పము విధింపఁబడినది ప్రయోగించుటకే.

మన పూర్వశాసనములు ఈ విషయమున దారి చూపఁగలవు. రుద్రమదేవి కాలమున 1261లో మల్కాపురమున వేయఁబడిన శాసనము విశ్వేశ్వర శివాచార్యునికి లభించిన దానమును జెప్పుచు, దేవాలయమునకును, విద్యార్థులకును, అధ్యాపకులకును, ప్రసూతిశాలకును, నర్తకులకును, వాద్యగాండ్రకును జెందవలసిన భాగములను వేఱువేఱుగాఁ బేర్కొన్నది. దాతకీర్తితో నిలువక గ్రహీతల పట్టిక నిచ్చుటయే యందలి విశేషము. పరదేశమునను ఇట్టిదే యొక పాఠము గలదు. ఇంగ్లండున 1850 నాఁటి గ్రంథాలయ చట్టము పౌనుకు అరపెన్నీ పన్ను ననుమతించెను గాని, ఆ ధనముతోఁ బుస్తకములు కొనుట కనుమతింపలేదు. భవనము కట్టవచ్చును, పుస్తకము కొనరాదు. ఐదేండ్లకు, 1855లో, ఆ లోపము దిద్దఁబడెను. భూషణమునకు సమవాయము వెనుకఁబడుట యొక దేశమునకే చెందిన దోషము గాదు. దిద్దుకొనుటయు నసాధ్యము గాదు.

కాఁబట్టి తేలిన సిద్ధాంత మిది. సంస్కృతి, క్రీడల పేర నగు ప్రతివ్యయమును మూఁడు ప్రశ్నలతోఁ బరీక్షింపవలెను. ఇందు సంప్రదాన మెవరు? ఏ వాడనుండి యెంత కొనఁబడి, ఆ వాడకెంత చేరినదో యేఁటేఁటఁ బ్రకటింపఁబడుచున్నదా? ఇది ఆక్రీడమా, ప్రమదవనమా? ఏ దినములందు, ఏ వేళల, ఎవరికిఁ దెఱచియుండునో ద్వారముననే వ్రాయఁబడియున్నదా? ఇందు క్రియాఫలము కర్తదా, పరునిదా? ఆడుకొనువారును, చదువుకొనువారును, పాడుకొనువారును దీని నడపుటలో భాగము గలవారా, లేక లెక్కకుఁ గూడినవారు మాత్రమేనా?

దిల్‌సుఖ్‌నగరమునందలి విద్యార్థికి రాత్రి తొమ్మిదివఱకు దీపము వెలుఁగు పఠనమందిరమును, ఎల్.బి. నగరమునందలి బాలునకుఁ గాలినడకఁ జేరఁదగిన యాటనేలయు, సరూరునగరపు వాడలందలి స్త్రీలకు బతుకమ్మను విడుచుటకుఁ దగిన నిర్మలజలమును గల్పించుటకు 63 అడుగుల యెత్తక్కఱలేదు. భూషణమును ఎవ్వరు నిషేధింపరు, అది సూత్రసిద్ధము. కాని సమవాయసూత్రమును దానివెంటనే పఠించి తీరవలెను. మొదటి సూత్రముతో గ్రంథము మూసినవాఁడు వ్యాకరణమునఁ దప్పినచో నొక రూపము చెడును. పరిపాలనమునఁ దప్పినచో నొక తరమువారికి బాల్యము చెడును.